పామర్రు బస్సులో సీపీయూ

అబ్దుల్ రవూఫ్‌ని విజయవాడ గవర్నర్‌పేటలో ఇప్పుడు అందరూ కెమెరాల భాయ్ అంటారు. బట్టల కొట్లలోనూ మందుల షాపుల్లోనూ లాడ్జీల వరండాల్లోనూ సీసీ కెమెరాలు బిగించడం అతని పని. యాభై ఎనిమిదేళ్ళొచ్చినా నిచ్చెన తనే ఎక్కుతాడు. అతన్ని కంప్యూటర్ రవూఫ్ అని పిలిచేవాళ్ళు ఆ పేటలో నలుగురో ఐదుగురో మిగిలారు. వాళ్ళలో ముబీనా ఒకతె.

ముబీనాది డీటీపీ ఆఫీసు. రెండో అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమ పక్క గది. ఇరవై రెండేళ్ళుగా అక్కడే కూర్చుని పెళ్ళికార్డుల దగ్గర్నుంచి పరిశోధన గ్రంథాల దాకా తెలుగు పేజీలు తయారు చేస్తోంది. ఆమె దగ్గర కొత్త కంప్యూటర్లు రెండున్నాయి గానీ, పుస్తకాల పని మాత్రం మూలనున్న పాతదాని మీదే చేస్తుంది. అది 2006లో రవూఫ్ దుకాణంలో తయారైంది. అందులో ఉన్నది పాత విండోస్ ఎక్స్‌పీ. ఆమె వాడే తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేరు అందులో తప్ప ఇంకెక్కడా పనిచేయదు. దాన్ని అమ్మినవాళ్ళు వ్యాపారం ఎత్తేసి పదేళ్ళు దాటింది. ఇంకో యంత్రంలో వేసుకుందామంటే సీడీ లేదు, లైసెన్సు నంబరిచ్చే దిక్కూ లేదు.

మొన్న ఆగస్టులో, జోరుగా వాన కురిసిన మర్నాడు మధ్యాహ్నం ముబీనా ఫోను చేసింది.

"రవూఫ్ భాయ్, మూలది లేవట్లేదు. ఒకసారి వస్తారా?"

"కెమెరా పనిలో ఉన్నానమ్మా. ఇంకెవరినన్నా పిలవకపోయావా?"

"పిలిచాను. చూసి, దీన్ని పాత సామానుకి వేసేయండి మేడం అన్నాడు."

రవూఫ్ నిచ్చెన దిగాడు.

ఆ యంత్రంలో ఏముందో అతనికి తెలుసు. కూచిపూడిలో వెంకటప్పయ్య గారని ఎనభై రెండేళ్ళ నాట్యాచార్యులున్నారు. జీవితమంతా పిల్లలకి నేర్పిన అడుగులన్నిటినీ ఆయన ఒక పుస్తకంగా వేయిస్తున్నారు. మడమ ఎప్పుడు తాకాలో, వేళ్ళు ఎప్పుడు లేవాలో మాటల్లో రాస్తే ఎవరికీ పట్టుబడదని ఒక్కో అడుగుకి ఒక్కో గుర్తు పెట్టుకున్నారు. ఆ గుర్తులు ఏ ఫాంటులో ఉంటాయి? ఆయన కాయితాల మీద గీసిచ్చిన తొంభై గుర్తుల్నీ చూసి ముబీనాయే రెండేళ్ళపాటు ఒక్కొక్కటిగా గీసి, ఆ సాఫ్ట్‌వేరులో ఎక్కించుకుంది. మూడువందల పేజీలయ్యాయి. ఇంకో ముప్ఫై మిగిలాయి.

రవూఫ్ వచ్చి పక్క రేకు విప్పాడు. రాత్రి పిడుగులకి కరెంటు ఎగిసిపడినట్టుంది, మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బిపోయి కారాయి. బోర్డుకి తగిలించిన చిన్న కార్డొకటి నల్లగా మాడింది. హార్డ్‌డిస్కుని బోర్డుతో కలిపే కార్డు అది. దాన్ని చూడగానే రవూఫ్ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ కార్డు తను పెట్టింది కాదు. 2010లో ఈ బోర్డు సాకెట్లు దెబ్బతింటే, అప్పట్లో దుకాణంలో తనకి భాగస్వామి అయిన అంతోని విడిగా కార్డు వేసి డిస్కుని దానికి తగిలించాడు. అది అంతోని బిగింపేనని మర చుట్టూ ఉన్న ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క చెబుతోంది. మర వదులు కాకుండా అతను అలా చుక్క పెట్టేవాడు.

"ఏమైంది భాయ్?" అంది ముబీనా.

"ఏం లేదు. బోర్డు మారిస్తే సరిపోతుంది" అన్నాడు.

అదే రకం బోర్డు కోసం పాత సామాన్ల కొట్లన్నీ రెండ్రోజులు తిరిగాడు. మూడోనాడు ఒకటి దొరికింది. దాని సాకెట్లు బాగానే ఉన్నాయి కాబట్టి కార్డు అవసరం లేదని డిస్కుని నేరుగా బోర్డుకే తగిలించాడు. స్విచ్చి వేశాడు. ఫ్యాను తిరిగింది. ఎక్స్‌పీ బొమ్మ వచ్చింది. ముబీనా చేతులు జోడించి చూస్తోంది. కింద పచ్చని గడులు రెండుసార్లు కదిలాయో లేదో, తెరంతా నీలంగా మారి, తెల్లటి అక్షరాలు మెరిసి, యంత్రం తనంతట తానే ఆరిపోయి మళ్ళీ మొదలైంది. మళ్ళీ బొమ్మ. మళ్ళీ నీలం.

"సెవెన్ బీ" అన్నాడు రవూఫ్. ఆ మాట అతని నోట్లోంచి వచ్చి ఎన్నేళ్ళయిందో.

"అంటే?"

"ఆ నీలం తెర నంబరు అది. కంగారు పడకు, డిస్కు పోలేదు. చూడు, కాలవ నిండా నీళ్ళున్నాయి, లాకు ఎత్తే మనిషి లేడు. డిస్కుకీ విండోస్‌కీ మధ్య డ్రైవర్ అని చిన్న ఫైలొకటి ఉంటుంది. అది తలుపు తీస్తేనే విండోస్ లోపలికెళ్ళి మిగతావన్నీ తెచ్చుకుంటుంది. ఆ తలుపు తీసేవాడు లేచి రావట్లేదు."

"ఫైళ్ళు కాపీ చేసుకుంటే పోదా?"

"చేస్తాను. ముందు చేసేది అదే. కానీ ఆ పేజీలు తెరవాలంటే ఈ విండోస్సే లేవాలి కదమ్మా."

సీపీయూని ఇంటికి తీసుకెళ్ళి, డిస్కుని ఇంకో డిస్కులోకి మొత్తానికి మొత్తం నకలు తీశాడు. నకలు లేకుండా అతను డిస్కు ముట్టుకోడు. పన్నెండేళ్ళుగా అది అతని నియమం. తర్వాత నాలుగు రోజులు ఆ నకలు మీదే కుస్తీ పట్టాడు. బోర్డు సెట్టింగుల్లో డిస్కు పద్ధతి ఒకటి మార్చి చూశాడు, రెండోది పెట్టి చూశాడు. సేఫ్ మోడ్‌లో లేపబోయాడు. డిస్కుని తన కంప్యూటర్‌కి తగిలించి, రిజిస్ట్రీ బయటి నుంచి తెరిచి, ఏ డ్రైవర్ ఎప్పుడు లేవాలో రాసి ఉన్న చోట ఒక్కో అంకె చూసుకున్నాడు. అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా అదే నీలం తెర. విండోస్ సీడీతో రిపేరు వేయొచ్చు గానీ, ఆ దెబ్బకి ఫాంట్ల లైసెన్సు ఎగిరిపోతే ఇక తెచ్చిచ్చే నాథుడు లేడు.

ఆ నాలుగు రోజులూ అతను కెమెరా పనులు వాయిదా వేశాడు. భార్య జమాల్ బీ అన్నం పెడుతూ, "పాత రోజులు మళ్ళీ వచ్చినట్టున్నాయే. ముద్ద నోట్లో పెట్టుకుని అలా చూస్తూ కూర్చున్నావు" అంది. ఆమె వేళాకోళానికే అన్నా, నిజం అదే. పనికంటే పాత రోజులే అతన్ని ఎక్కువ పట్టుకున్నాయి.

రవూఫ్ తండ్రి వన్‌టౌన్‌లో వాచీలు బాగుచేసేవాడు. సన్న స్క్రూడ్రైవరు పట్టుకోవడం ఆయన దగ్గరే వచ్చింది. అంతోని తండ్రి రైల్వేలో పనిచేసేవాడు, అంతోనికి చిన్నప్పట్నుంచీ రేడియోల పిచ్చి. ఇద్దరూ ఒక హార్డ్‌వేర్ కోర్సులో పక్కపక్క బల్లల మీద కలిశారు. 1998లో లాడ్జి పక్క సందులో ఒక గది తీసుకుని దుకాణం పెట్టారు. అప్పట్లో కంప్యూటర్ కొనుక్కోవడమంటే ఇంట్లో శుభకార్యం. పామర్రు నుంచి, గుడివాడ నుంచి, అవనిగడ్డ నుంచి కుటుంబాలు కుటుంబాలు వచ్చేవి. కొబ్బరికాయ తెచ్చుకుని దుకాణంలోనే కొట్టినవాళ్ళున్నారు. తయారైన సీపీయూని అట్టపెట్టెలో కాదు, ఒళ్ళో పెట్టుకుని బస్సులో వెళ్ళి, ఇంట్లో బిగించి వచ్చేవాళ్ళు ఇద్దరూ. ఒకరి ఒళ్ళో సీపీయూ, ఇంకొకరి ఒళ్ళో మానిటర్. కండక్టరు లగేజీ టికెట్టు కొట్టబోతే అంతోని, "చంటిపిల్లకి టికెట్టేంటి సార్, ఒళ్ళోనే ఉందిగా" అనేవాడు.

విండోస్ ఎక్కించడం ఒక పూట పని. కొత్త రకం డిస్కు అయితే మొదట్లోనే ఎఫ్ సిక్స్ మీట నొక్కి, ఫ్లాపీలోంచి డ్రైవరు ఇవ్వాలి. ఆ ఒక్క క్షణం తప్పిపోతే మళ్ళీ మొదటికి. అందుకని ఒకరు మీట మీద వేలు పెట్టుకుని ఉంటే ఒకరు ఫ్లాపీ పట్టుకుని నిలబడేవాళ్ళు. ఎక్కుతున్నంతసేపూ చేసేదేమీ ఉండేది కాదు. ఇద్దరూ క్యారేజీలు విప్పుకునేవాళ్ళు. అంతోని భార్య హెలెన్ పంపిన గోంగూర రొయ్యలు ఇతని గిన్నెలోకి, జమాల్ బీ పంపిన ఖీమా అతని గిన్నెలోకి. తిన్నాక రవూఫ్ గోడకి జారగిలబడి అరగంట నిద్రపోయేవాడు. లేచేసరికి తెర మీద కొత్త విండోస్ పచ్చటి కొండ, నీలాకాశం కనిపించేవి.

ఇప్పుడు దుకాణం ఉన్న గదిలో ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. ఆ సందులోంచి వెళ్ళాల్సి వస్తే రవూఫ్ చుట్టు తిరిగి వెళ్తాడు.

ఐదో రోజు సీపీయూ తెచ్చి ముబీనా ఆఫీసులో పెట్టి, తనవల్ల కావట్లేదని ఒప్పుకున్నాడు. "అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అంటే నాకు తెలియని మార్పేదో ఇందులో జరిగింది. కార్డు పెట్టినప్పుడు ఏం చేశాడో ఏమో."

"ఎవరు?"

రవూఫ్ స్క్రూడ్రైవరు సంచిలో పెట్టుకున్నాడు.

"అంతోని అన్నేనా? అయితే అడగొచ్చుగా. పామర్రులోనే ఉన్నారు. మోటార్ల స్టార్టర్లు బాగుచేస్తున్నారట. రెండేళ్ళ కిందట వాళ్ళమ్మాయి పెళ్ళికార్డు ఇక్కడే వేయించారు. హెలెనక్క నంబరు నా దగ్గరుంది."

ఆ కార్డు రవూఫ్ చూశాడు. ప్రూఫు కాయితం ముబీనా బల్ల మీద పడి ఉంటే, తీసి మొత్తం చదివి, మళ్ళీ ఉన్నచోటే పెట్టేశాడు. అతనికి కార్డు రాలేదు.

"మీరిద్దరూ ఎందుకు విడిపోయారు భాయ్? ఎవరినడిగినా తెలీదంటారు" అంది ముబీనా.

"తెలిసిన వాళ్ళిద్దరే" అన్నాడు రవూఫ్. ఆ మాటతో లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చి, సీపీయూ తీసుకుని ఆటోలో బస్టాండుకి బయల్దేరాడు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. సీపీయూని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని చుట్టూ వేసి కూర్చున్నాడు. కండక్టరు ఒకసారి దానివైపూ ఒకసారి అతనివైపూ చూసి టికెట్టు ఒకటే కొట్టాడు. కంకిపాడు దాటాక నాట్లు వేస్తున్న మళ్ళు మొదలయ్యాయి. ఉయ్యూరు రాగానే రవూఫ్ కిటికీలోంచి తల పక్కకి తిప్పుకున్నాడు.

ఉయ్యూరులో వెంకటసుబ్బారావు అని రిటైరైన హైస్కూలు మాస్టారొకాయన ఉండేవారు. 2013లో ఆయన తన కంప్యూటర్ వీళ్ళ దుకాణానికి తెచ్చారు. మరీ నెమ్మదించింది, విండోస్ మళ్ళీ వేయమన్నారు. వేసేముందు ఫొటోలు మాత్రం జాగ్రత్త బాబూ అని రెండుసార్లు చెప్పారు. ఆయన భార్య పోయి అప్పటికి ఆరు నెలలు. ఆమె ఫొటోలన్నీ, ఆస్పత్రిలో మంచం మీంచి ఆమె మాట్లాడిన చిన్న వీడియోతో సహా, ఆ డిస్కులోనే ఉన్నాయి. అంతోని ఆ సీపీయూ మీద 'కాపీ కాలేదు' అని కాయితం అతికించి, భోజనానికి ఇంటికెళ్ళాడు. ఆ రోజు రవూఫ్‌కి పని ఒత్తిడి. నాలుగు యంత్రాలు వరసగా పెట్టుకుని విండోస్ ఎక్కిస్తున్నాడు. కాయితం చూడలేదు. చూసి ఉండాల్సింది, చూడలేదు. డిస్కు ఫార్మాట్ చేసి, దానిమీద కొత్త విండోస్ ఎక్కించేశాడు. అంతోని వచ్చాక ఇద్దరూ రెండ్రోజులు కష్టపడ్డా ఒక్క ఫొటో కూడా వెనక్కి రాలేదు. కాయితం చూసుకోలేదన్న మాట రవూఫ్ ఒప్పుకోనూ లేదు.

మాస్టారు వచ్చినరోజు గుమ్మంలో ఆయన్ని చూడగానే రవూఫ్ లేచి నిలబడ్డాడు. ఏం చెప్పాలో ముందుగా ఇద్దరూ అనుకోలేదు. అతని నోట్లోంచి మాట దానంతట అదే వచ్చేసింది. "మా అంతోని చూసుకోలేదండి మాస్టారూ."

అంతోని పక్కనే ఉన్నాడు. రవూఫ్ వైపు చూసి, తల దించుకున్నాడు. మాస్టారు కేకలు వేయలేదు. అంతోని దగ్గరికి వెళ్ళి, "నీకూ భార్య ఉంది కదయ్యా" అని మాత్రం అని, కంప్యూటర్ అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు. ఆ తర్వాత కూడా మూడు నెలలు అంతోని దుకాణానికి వచ్చాడు. పని చేసేవాడు, వెళ్ళిపోయేవాడు. ఒక సోమవారం నుంచి రాలేదు. రవూఫ్ ఒక్కడూ ఇంకో ఏడాది లాక్కొచ్చి దుకాణం మూసేశాడు.

పామర్రులో సెంటరు దాటి, ఎరువుల కొట్టు పక్కన రేకుల షెడ్డు. ముందు భాగంలో స్టార్టర్ పెట్టెలూ రాగితీగ చుట్టలూ, లోపల కుట్టు మిషన్. హెలెన్ మిషన్ దగ్గర్నుంచి తలెత్తి చూసి, గుర్తుపట్టడానికి కొంచెం టైము తీసుకుంది.

"రవూఫన్నయ్యా" అని లేచింది. "రండి రండి. ఆ బరువు ముందు కింద పెట్టండి."

అంతోని ఒక స్టార్టర్ విప్పుకుని కూర్చున్నాడు. జుట్టంతా తెల్లబడింది. కళ్ళజోడు ముక్కు మీదికి జారింది. రవూఫ్‌ని చూశాడు, అతని చేతుల్లో ఉన్న సీపీయూని చూశాడు.

"ముబీనాది" అన్నాడు గుర్తుపట్టి.

"ఆ. నువ్వు పెట్టిన కార్డు మాడిపోయింది. బోర్డు మార్చాను. సెవెన్ బీ వస్తోంది. వారం నుంచి చూస్తున్నా, నావల్ల కాలేదు."

అంతోని చేతులు గుడ్డకి తుడుచుకుని, బల్ల మీద చోటు చేశాడు. రవూఫ్ సీపీయూ పెట్టాడు గానీ, దాని మీంచి చెయ్యి తీయలేదు.

"దీనికంటే ముందు ఒక మాట చెప్పాలి. మాస్టారి డిస్కు ఫార్మాట్ చేసింది నేను."

"ఆ సంగతి నీకంటే ముందు నాకు తెలుసు. కాయితం రాసింది నేనేగా."

"తెలిసీ ఒక్క మాటా అనలేదు."

"నువ్వు చెప్తావని చూశాను" అన్నాడు అంతోని. గొంతులో కోపం లేదు, అదే రవూఫ్‌కి ఎక్కువ కష్టంగా ఉంది. "ఆయన ముందు భయపడ్డావు, సరే. నేనైనా భయపడేవాణ్ణే. మర్నాడు చెప్తాడు అనుకున్నా. ఆ తర్వాతి వారం చెప్తాడు అనుకున్నా. మూడు నెలలు రోజూ వచ్చి కూర్చున్నాను రా, నువ్వు ఆయనకి చెప్పకపోయినా, కనీసం నాకు చెప్తావేమోనని. డిస్కులు పోతాయి. నువ్వు నా ఎదురుగా కూర్చుని అన్నం తింటూ కూడా ఆ మాట ఎత్తకపోతే, నాకిక అక్కడ ముద్ద దిగలేదు."

హెలెన్ మిషన్ దగ్గర నిలబడి వింటోంది. బయట ఎవరో ఎరువుల బస్తాలు ఆటోలోకి ఎత్తుతున్నారు.

"తప్పు చేశాను" అన్నాడు రవూఫ్. "ఇన్నాళ్ళు ఎందుకు రాలేదంటే ఏం చెప్పాలో తెలియదు. సిగ్గేసింది. రోజులు గడిచేకొద్దీ ఇంకా సిగ్గేసింది."

అంతోని ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. తర్వాత కళ్ళజోడు పైకి తోసుకుని, "రేకు విప్పు" అన్నాడు.

రవూఫ్ విప్పాడు. అంతోని డిస్కు బయటికి తీసి, ఒక కేబుల్‌తో తన ల్యాప్‌టాప్‌కి తగిలించాడు.

"రిజిస్ట్రీ చూశావా?"

"ఒక్కో అంకె చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి."

"ఉంటాయి. నేను అంకెలు ముట్టుకోలేదు. అప్పుడు బోర్డు సాకెట్లు చచ్చిపోయాయి కదా, అయినా మామూలు డ్రైవరు ఊరుకోక వాటిని తడిమి చూసేది, అక్కడే పది నిమిషాలు ఆగిపోయేది. అందుకని ఆ డ్రైవరు ఫైలుకి పేరు మార్చేశాను. విండోస్ దాచుకునే ఇంకో కాపీ ఉంటుందిగా, అదీ తీసేశాను. కార్డు డ్రైవరు ఒక్కటే మిగిలింది. ఇప్పుడు కార్డు పోయింది. పాతవాణ్ణి లేపడానికి వెళ్తే ఆ పేరుతో మనిషే లేడు."

రవూఫ్‌కి ఒక్కసారిగా అంతా తేటపడింది. జాబితాలో పేరుందా అని చూశాడు గానీ, ఆ పేరుగల ఫైలు ఉందో లేదో చూడలేదు. "ఏం పేరు పెట్టావు?"

అంతోని జవాబు చెప్పకుండా డ్రైవర్ల ఫోల్డరు తెరిచాడు. వందల ఫైళ్ళు. కిందికి జరుపుకుంటూ పోయి, ఒకచోట ఆగి, ల్యాప్‌టాప్ ఇటు తిప్పాడు. రవూఫ్ డాట్ ఓల్డ్ అని ఉంది.

"నా పేరా?"

"పని లేకుండా పడుకోబెట్టిన ప్రతి ఫైలుకీ అప్పట్లో నీ పేరే పెట్టేవాణ్ణి. మధ్యాహ్నం అన్నం తిని నువ్వు పడుకునేవాడివి కదా. కృష్ణా జిల్లాలో ఎన్ని కంప్యూటర్లలో ఉన్నావో నాకే లెక్క లేదు."

ముందు నవ్వింది హెలెన్. తర్వాత రవూఫ్ నవ్వబోయాడు. ముఖం పక్కకి తిప్పి కండువాతో తుడుచుకున్నాడు. అంతోని అది చూడనట్టు ల్యాప్‌టాప్ వైపే చూస్తూ ఉండిపోయాడు.

"నువ్వే మార్చు" అన్నాడు కాసేపటికి. "నీ పేరు తీసేసి దాని పేరు దానికివ్వు."

రవూఫ్ ఒక వేలితో నెమ్మదిగా టైపు చేశాడు. నకలు వేరే ఉందా అని అంతోని అడిగాడు, ఇంట్లో ఉందని రవూఫ్ చెప్పాడు. మంచిది అన్నాడు అంతోని. డిస్కు మళ్ళీ సీపీయూలో పెట్టి, గోడకున్న టీవీకి కేబుల్ కలిపి, మూలనున్న పాత కీబోర్డు దుమ్ము దులిపి తగిలించారు. స్విచ్చి వేశారు. ఎక్స్‌పీ బొమ్మ వచ్చింది. పచ్చని గడులు ఒకసారి కదిలాయి, రెండోసారి, మూడోసారి. తెర నల్లబడింది, మళ్ళీ వెలిగింది. టీవీ నిండా ముబీనా ఫోల్డర్లు వరసగా వచ్చి నిలబడ్డాయి.

హెలెన్ భోజనం పెట్టింది. తింటున్నప్పుడు పిల్లల కబుర్లు, ఒంట్లో వచ్చిన బీపీలూ షుగర్లూ, పోయినవాళ్ళ పేర్లూ చెప్పుకున్నారు. అమ్మాయి పెళ్ళి సంగతి రవూఫే ఎత్తాడు. కార్డు ప్రూఫు చదివానన్నాడు. "బాగుందా?" అనడిగింది హెలెన్. "వేదిక దగ్గర ఒక అక్షరం తప్పుంది. ముబీనాకి చెప్పకుండా నేనే పెన్సిలుతో సున్నా చుట్టి వచ్చాను" అన్నాడు. ఆ సున్నా ఎవరు చుట్టారో తెలియక ముబీనా వారం రోజులు అందరినీ అడిగిందట.

బస్సెక్కించడానికి అంతోని సెంటరు దాకా వచ్చాడు. సీపీయూ అతనే మోశాడు. బస్సు వస్తుండగా, "నాకు చెప్పావు, బాగుంది. ఆయనకి?" అన్నాడు.

"ఆయన ఇంకా ఉన్నారా?"

"ఉన్నారు. నాలుగు నెలల కిందట ఉయ్యూరు సంతలో దూరంగా చూశాను. ఆయన నన్ను చూడకముందే పక్కకి తప్పుకున్నాను."

రవూఫ్ ఉయ్యూరుకి టికెట్టు తీసుకున్నాడు.

మాస్టారి ఇల్లు హైస్కూలు వెనక వీధి అని గుర్తుంది. రెండిళ్ళలో అడిగితే చూపించారు. ఆయన వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నారు. డెబ్భై ఏడెనిమిదేళ్ళుంటాయి. మెట్ల మీద సీపీయూ పట్టుకుని నిలబడ్డ మనిషిని చూసి, "ఎవరు బాబూ? ఇక్కడ కంప్యూటర్ ఎవరికీ లేదే" అన్నారు.

"నేనండి, రవూఫ్‌ని. గవర్నర్‌పేట కంప్యూటర్ల దుకాణం."

మాస్టారి చేతిలో పేపరు కిందికి దిగింది. కూర్చోమనలేదు. రవూఫ్ నిలబడే చెప్పాడు. కాయితం అతికించి ఉన్న సంగతి, తను చూడకపోవడం, ఆయన అడిగినప్పుడు అంతోని పేరు చెప్పడం, అంతోని నోరు మెదపకపోవడం, ఏదీ దాచకుండా మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. చెప్పడం ఐదు నిమిషాల్లో అయిపోయింది.

"ఆ అబ్బాయి ఇప్పుడెక్కడున్నాడు?" అన్నారు మాస్టారు.

"పామర్రులోనే ఉన్నాడండి."

"ఇంత దగ్గర్లోనా." ఆయన కొంచెంసేపు వీధివైపు చూశారు. "ఆ రోజు నేనతన్నొక మాటన్నాను. గుర్తుందా నీకు?"

"ఉందండి."

"నాకూ ఉంది. దుకాణం మెట్లు దిగుతుండగానే, అనకూడని మాట అన్నాననుకున్నాను. వెనక్కి వెళ్ళలేదు. బాధలో ఉన్నాను కదా, అనే హక్కుందనుకున్నాను. నంబరుందా?"

రవూఫ్ చెప్పాడు. పామర్రులో ఆ రోజే తీసుకున్న నంబరది. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని, ఒక్కో అంకె నొక్కి, ఫోను చెవికి ఆనించుకున్నారు. "బాబూ, నేను ఉయ్యూరు వెంకటసుబ్బారావుని" అన్నంతవరకు రవూఫ్ విన్నాడు. తర్వాత మెట్లు దిగి గేటు బయట నిలబడ్డాడు. లోపల్నుంచి మాటలు వినిపించలేదు. మధ్యలో ఒకసారి మాస్టారు దగ్గడం వినిపించింది. పావుగంట అయింది.

ఆయన గేటు దగ్గరికి వచ్చారు. చేతిలో మంచినీళ్ళ గ్లాసు ఉంది.

"నిన్నేమనాలో నాకు తెలియట్లేదు. ఆ వీడియో ఉంటే ఆమె గొంతు ఇప్పుడూ వినేవాణ్ణి. అది నేను మర్చిపోలేను. ఏ పూటకైనా నిన్నేమన్నా అనగలిగితే ఆ పూట అంటాను. ఇవి తాగి వెళ్ళు."

రవూఫ్ నీళ్ళు తాగి గ్లాసు ఇచ్చాడు. నమస్కారం పెట్టాడు. ఆయన తలూపి లోపలికి వెళ్ళిపోయారు.

విజయవాడ చేరేసరికి నాలుగున్నరైంది. ముబీనా ఆఫీసు మెట్లు ఆగి ఆగి ఎక్కాడు. సీపీయూ బిగించి స్విచ్చి వేశాక ముబీనా కుర్చీ లాక్కుని కూర్చుంది. వెంకటప్పయ్య గారి పుస్తకం తెరిచి, మూడువందల ఒకటో పేజీకి వెళ్ళి, ఒక పాదం గుర్తు, దాని పక్కన ఇంకో పాదం గుర్తు వేసి, అవి తెర మీద సరిగ్గా నిలిచాయని చూసుకున్నాక గట్టిగా ఊపిరి వదిలింది.

రవూఫ్ ఫోను మోగింది. పామర్రు నంబరు. ఎత్తాడు.

"మాస్టారు ఫోను చేశారు" అన్నాడు అంతోని.

"ఏమన్నారు?"

"అది మా ఇద్దరి మధ్యది, నీకెందుకు" అన్నాడు. కొంచెం ఆగి, "ఆ బోర్డు ఎక్కడ దొరికింది నీకు? పాత సామానులోనేగా. దాని కెపాసిటర్లు కూడా ఆ కాలానివే, ఏడాది తిరక్కుండా మళ్ళీ ఉబ్బుతాయి. నా దగ్గర మంచివున్నాయి. ఆదివారం ప్రార్థన అయ్యాక మధ్యాహ్నం బస్సుకి వస్తాను. ముబీనాని ఆఫీసు తెరిచి ఉంచమను."

"ఉంచుతుంది" అన్నాడు రవూఫ్. "భోజనం మా ఇంట్లో చేద్దువుగాని. జమాల్ బీకి చెప్తాను."

"ఖీమా అని చెప్పు" అన్నాడు అంతోని.